దానమ్మ గారి నుయ్యి, మూసివేత కాగితం

1991 జూన్‌లో నన్ను జూనియర్ కెమిస్టుగా బెంగాల్లోని ఖరగ్‌పూర్ నీటి పరీక్షల ప్రయోగశాలకు వేశారు. చేతికిచ్చిన మొదటి ఫైలు డీజిల్‌ది. ఊళ్ళో సుభాష్‌పల్లి పేట అంచున ఒక ప్రైవేటు డిపోలో నేలలో పాతిన ట్యాంకు కారింది. ట్యాంకును తవ్వి తీసేశారు గానీ, కారిన డీజిల్ భూగర్భజలం మీద తేలుతూనే ఉంది.

మేం తేల్చవలసింది ఒక్కటే. ఆ నూనె పొర దానంతటదే పలచబడుతూ పోతే, మిగిలినదాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయన్న లెక్కన 'మూసివేత' రాస్తాం. ఫైలు కట్టేస్తారు, నీళ్ళు వాడవద్దన్న బోర్డు తీసేస్తారు. పలచబడకపోతే 'శుద్ధి' రాయాలి. అంటే పంపులు పెట్టి నీళ్ళు తోడి నూనె వేరుచేయడం, ఏళ్ళ తరబడి పని.

డిపోకి పల్లం వైపు ఉన్నది ఒక్క నుయ్యే, దానమ్మ గారిది. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక ఎండలో నిలబడి ఆ నుయ్యి తవ్వించి, మరుసటేడే పోయారు. బోర్డు పెట్టిన దగ్గర్నుంచి ఆవిడ అరవై దాటిన వయసులో వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోస్తున్నారు. కుళాయి నీళ్ళలో పప్పు ఉడకదని నాకు ప్రతిసారీ చెప్పేవారు. ఆవిడది మా అమ్మ మాట్లాడే శ్రీకాకుళం యాసే. కొలత పది నిమిషాల్లో అయిపోయినా, ఆ మాటల కోసం టీ తాగే వంకతో గంటసేపు కూర్చునేవాణ్ణి.

ఆడవాళ్ళున్న ఇంటికి చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదని, వచ్చే నెల ఏ రోజు వస్తానో ముందే చెప్పి లేచేవాణ్ణి. ఐదు నెలలు వరసగా నూతిలోకి గాజుగొట్టం దింపి నూనె పొర మందం చూశాను. నెలనెలా పొర తగ్గింది. నవంబరులో నూనె జాడే లేదు. మూసివేత ముసాయిదా రాసేశాను. క్రిస్మస్‌కి మీ నూతి నీళ్ళతోనే వంట అని ఆవిడకు మాట కూడా ఇచ్చేశాను. నోరు ఊరుకోదు కదా!

డిసెంబరులో బంద్ పిలుపు వచ్చి, చెప్పినదానికి ఒక రోజు ముందే వెళ్ళాను. ఆవిడ తాడుకు కట్టిన పాత నేత చీర ముక్కను నూతిలోంచి లాగి డబ్బాలోకి పిండుతున్నారు. డబ్బాలో సగానికి డీజిల్. పిండిన పేలికలు బొగ్గుల పొయ్యి పక్కన ఆరుతున్నాయి, రాజేయడానికి.

"రేపు గదా బాబూ మీరొత్తానన్నారు? ఇంకా సుబ్బరం సెయ్యనేదు," అన్నారు నొచ్చుకుంటూ. "పెతి నెలా మీరొచ్చే ముందు తీసేత్తన్నాను. కంపు నుయ్యి సూపిత్తే మీరేటనుకుంతారు?"

మొదట్లో చేయి తిరగలేదట, నెలనెలా ఒడుపు తెలిసిందట. ఐదు నెలలూ నేను కొలిచింది ఆవిడ శుభ్రాన్ని.

మేమంతా దాదా అని పిలిచే మా బెంగాలీ సీనియర్ కెమిస్టుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. ముసాయిదా మీద అడ్డగీత కొట్టి, నెలరోజులు నుయ్యి ముట్టుకోవద్దని ఆవిడకు చెప్పి మళ్ళీ కొలవమన్నారు. ఎంగిలి గిన్నె క్షణం ఉంచని మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. విషయం విన్నాక ఆవిడ నూతి గట్టు మీద చేయి ఆనించారు.

"అయితే ఈ పండక్కీ కుళాయేనా, బాబూ?"

అవునన్నాను. ఆవిడ నెలరోజులూ నుయ్యి ముట్టుకోలేదు. జనవరిలో గొట్టంలో పొర చిటికెన వేలంత మందాన తేలింది. శుద్ధి రాశాం, పంపులు వచ్చాయి. అవి ఆగకముందే నాకు బదిలీ అయింది.

బోర్డు తీసేశారని దాదా తర్వాత ఉత్తరం రాశారు. ఆ నీళ్ళతో వండిన పప్పు తినాలని నాకు చాలా ఉండేది, ఇప్పటికీ ఉంది. వెళ్ళలేకపోయాను. వెళ్దామనుకునేసరికి ఆవిడ లేరు.

మా నమూనా ఫారంలో లోతు, రంగు, వాసనలకు గడులుండేవి. ఆ తర్వాత సర్వీసంతా, తేదీ ముందుగా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, ఆ ఫారం అడుగున చేత్తో ఒక ప్రశ్న రాసుకుని అడిగేవాణ్ణి: ఈ నూతికి మీరు రోజూ ఏం చేస్తారు?