ముట్టకూడదనుకున్న జ్వరం

మా ఆయనకు ఏదో అయిందని నాకు మొదట తట్టింది, ఆయన జ్వరం పురుగులకు ఆకు వేసిన రోజు.

మాది బెంగళూరు పక్క జంగమకోటె. పట్టుపురుగులు మేపడం మా ఇంటి పని. పురుగు పెరిగేటప్పుడు మధ్యమధ్యలో మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. పాత చర్మం విడిచాక మళ్ళీ ఆకలితో లేస్తుంది. దాన్ని మేము జ్వరానికి కూర్చోవడం అంటాం. అప్పుడు ఆకు వేయకూడదు, పురుగులున్న తట్ట కదపకూడదు. మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. అలాంటిది, పురుగుల మధ్యే పుట్టి పెరిగిన మనిషి పాడుకుంటూ వచ్చి తట్టల నిండా మల్బరీ ఆకు పోసేశాడు. "ఎంతసేపని కూకుంటాయి? లేపల్ల వీటిని" అన్నాడు.

అంతకు కొన్నాళ్ళ ముందు నుంచే ఆయనకు నిద్ర లేదు. మాట ఆగేది కాదు. మా తోటలో ఎంత ఆకు వస్తుందో చూడకుండా దానికి మించి పట్టుపురుగు గుడ్లు తెచ్చాడు. చింతామణి బస్సు దిగినవాళ్ళను ముక్కూమొహం తెలియకపోయినా భోజనానికి పిలుచుకొచ్చేవాడు. సంగటి కెలికి కెలికి నా రెక్కలు పడిపోయాయి. ఊరు ఆయన హుషారును మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను, దాచడం ఎందుకు? జబ్బు అంత కళగా వస్తుందని ఎవరికి తెలుసు!

ఆ పంట చెడిపోయింది. కొన్ని వారాలకు ఆయన కూడా చల్లబడ్డాడు. ముందు మాట తగ్గింది, తర్వాత తిండి, ఆ తర్వాత స్నానం. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పురుగుల గురించి ఊళ్ళో ఏ అనుమానం వచ్చినా మా అత్తనే అడుగుతారు. ఆమె కొడుకును తేరిపార చూసి, "జ్వరానికి కూకున్యాడు. కదిలించొద్దమ్మా, లేసేటప్పుడు వాడే లేస్తాడు" అంది.

నాకూ సబబే అనిపించింది. పిల్లల్ని అరవనివ్వలేదు. ఆయన్ను ఎవరం పలకరించలేదు. గడప దగ్గర గిన్నె పెట్టి, చప్పుడు కాకుండా వచ్చేసేదాన్ని. మేము చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నామనే అనుకున్నాం.

ఒక పొద్దున గిన్నె తీయబోతుంటే ఆయన నోరు విప్పాడు. "నేను ల్యాకుంటేనే మీకందరికీ నిమ్మళం. మీరూ అట్లే అనుకుంటాండారు. అందుకే గదా ఎవురూ పలకరించేది ల్యా."

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన్ను పోగొట్టుకోబోతున్నామన్న సంగతి అప్పుడు తెలిసింది. ఆనాటి నుంచి ఆయన్ను ఒంటరిగా వదల్లేదు.

అత్త మొక్కుకుందని మురుగమల్ల దర్గాకు వెళ్ళొచ్చాం. ఆమెకు ధైర్యం వచ్చింది గానీ ఆయనకు నిద్ర రాలేదు. మా అన్న చింతామణిలో డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు గుండె, రక్తం పరీక్షించి, ఒంట్లో లోపమేమీ లేదనీ, బెంగళూరులో మనసు జబ్బుల ఆస్పత్రికి తీసుకెళ్ళమనీ చెప్పాడు. ఆ పేరు వినగానే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా బస్సెక్కేటప్పుడు మూట కట్టింది ఆమే.

బెంగళూరు డాక్టరుకు ఆయన పడుకున్నప్పటి సంగతులన్నీ చెప్పాను. అంతకు ముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా మహా ఉత్సాహంగా ఉన్నాడా అని అడిగాడు. గుడ్ల సంగతి, భోజనాల సంగతి, జ్వరం పురుగుల సంగతి చెప్పాను. పూర్తిగా విని, "దీన్ని మేనిక్ డిప్రెసివ్ అంటారమ్మా. అప్పటి హుషారూ ఇప్పటి దిగులూ ఒకటే జబ్బు. ఎవరి తప్పూ కాదు, వైద్యం ఉంది" అన్నాడు. ఎవరి తప్పూ కాదన్న మాట నాకు మందులాగే పనిచేసింది.

ఆయన్ను అక్కడే చేర్చుకుని షాక్ ట్రీట్‌మెంట్ ఇస్తామన్నారు. అంటే కరెంటు పెడతారని విని హడలిపోయాను. కొన్నిసార్లు ఇచ్చాక ఒక రోజు ఆయన నా వైపు తిరిగి, తోటలో ఆకు ఎవరు కోస్తున్నారని అడిగాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంతకాలం మతిమరుపు ఉండింది. మా తమ్ముడి పెళ్ళి జరిగిందనే మరచిపోయి, ఎప్పుడు చేస్తారని వాణ్ణే అడిగాడు.

ఇంటికొచ్చాక క్లోర్‌ప్రోమజైన్ మాత్రలు వేసుకునేవాడు. వాటితో మత్తుగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. బాగయ్యాను గదా అని మాకు చెప్పకుండా మానేశాడు. మళ్ళీ పాట మొదలైంది. ఆకు గంపతో జ్వరం పురుగుల గదికి పోతుంటే చూశాను. ఈసారి ఆలస్యం చేయలేదు. తిడుతున్నా వినకుండా నేనూ మా అన్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. త్వరగానే కుదుటపడ్డాడు. తిరిగొచ్చాక ఆయనే అన్నాడు: "జ్వరం పురుక్కి నేను ఆకెయ్యబోతే చెయ్యి పట్టుకో. తిట్టినా ఇడవొద్దు."

ఈమధ్య లిథియం అనే కొత్త మాత్ర ఇస్తున్నారు. మాటిమాటికీ రక్తం పరీక్ష చేయాలి, దానికి బెంగళూరు పోయి వస్తుంటాం. చేతులు కాస్త వణుకుతాయి. అత్త పురుగుల కంటే ఆ మాత్రల మీదే ఎక్కువ కన్నేసి ఉంచుతోంది.

నిన్న మా పురుగులు జ్వరానికి కూర్చున్నాయి. ఆయన గది గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "నేనేమన్నా ఎక్కువ మాట్లాడతాండానా?" అని అడిగాడు. ఎప్పటిలాగే విసిగిస్తున్నావని చెప్పాను. నవ్వుకుంటూ తోటకు పోయాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా గోడవైపు తిరిగి పడుకుంటే, లేచేదాకా చూద్దామని మాలాగా ఆగొద్దు. పక్కన కూర్చుని పలకరించండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అక్కడ డాక్టరుకు ఆ మనిషి ఏడ్చిన రోజులతో పాటు, మిమ్మల్ని మురిపించిన రోజులు కూడా చెప్పండి.