అక్క పక్కన పావుగంట

మా అక్క ప్రార్థనకు కూర్చునే ముందు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. బీడీలు చుట్టే చేతులకు తంబాకు వాసన పోదు. పోదని తెలిసీ కడుక్కుంటుంది. కొంగు తల మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి, చాప మీద కూర్చుంటుంది. ఆ పావుగంట చాటలోని తంబాకు, తడిగుడ్డలో చుట్టిన తునికాకు అలాగే ఉంటాయి. బావ చనిపోయిన ఏడాది నుంచి ఇదే వరస.

నేను దేవుణ్ణి నమ్మను. ఆ మాట వేదికల మీద చెప్పాను, వ్యాసాల్లో రాశాను, పెళ్లిపందిళ్లలో అని తిట్లు తిన్నాను. అక్క ప్రార్థన మందిరానికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు కులపెద్దలు ఆమెను శుభకార్యాలకు పిలవడం మానేశారు. ఆమె తరఫున నిలబడి, ఎవరి నమ్మకం వాళ్ల హక్కని గొంతు చించుకున్నది నేనే. ఇంటికి వచ్చి, "గోడ దిక్కు కూసుంటె ఏమొస్తది అక్కా, జవాబిస్తదా?" అని వెక్కిరించిందీ నేనే. భయభక్తులు అనే మాట మీద నాకు మొదటి నుంచీ కోపం. భయం ఉన్నచోట ఆలోచన బతకదని రాశాను. ఒకసారి ఆమె ముందే ఆ మాట అంటే, "భయమైతె ఉరుకుదును గద తమ్మీ, దగ్గరికి వోయి కూసుంటనా?" అంది.

మొన్న ఎండాకాలం ఆమె రెండో కంటికి ఆపరేషన్ పడింది. మొదటి కన్ను అప్పటికే చూపు పోగొట్టుకుంది. మిగిలింది ఇదొక్కటే. పదకొండింటికి ఆస్పత్రిలో ఉండాలి. నేను తొమ్మిదింటికే, ఈ మరాఠీ ఊళ్లో మా నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లోని ఆమె గదికి చేరి, ఆటో పిలుస్తానని తొందర పెడుతున్నాను.

"ఆగు తమ్మీ. పావుగంట కూసుంట."

"కూసో. నేను బయటుంట."

"బయట గాదు. నా పక్కకు కూసో."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సభలల్ల నా హక్కని మస్తు మాట్లాడినవ్. నా పక్కన ఒక్కపారి గూడ కూసోలే. నువ్వు మొక్కొద్దు, కండ్లు గూడ మూయొద్దు. ఊకె కూసో. రేపు నీ మొకం కనవడ్తదో లేదో."

కూర్చున్నాను. గోడ అవతల కార్ఖానాలో మరమగ్గాలు చద్దర్లు నేస్తున్నాయి. ఆ మోతకు గోడ సన్నగా అదురుతోంది. రెండు నిమిషాలకే మోకాలు లాగింది. గడియారం చూశాను. ఎవరి ముందు కూర్చున్నట్టు? లేనివాడి ముందు. కూర్చోవడం ఒప్పుకోవడం అవుతుందా? కాదు. మరి ఎందుకింత ఉక్కపోత? లోపల పూర్వపక్షం నాదే, సిద్ధాంతమూ నాదే, అయినా ఓడిపోతున్నట్టుగా ఉంది.

అంతలో మాతో ఆస్పత్రికి రావలసిన పక్కింటామె గడపలోకి వచ్చింది. ఆమె కూడా బీడీలే చుడుతుంది.

"అయ్యో అన్నా! మీరు గూడ ఏసయ్య పార్టీల చేరిన్రా? గణపతి చందా అడిగితె నాకు గంటసేపు భాషణ్ ఇచ్చిన్రు గద!"

నా చెవులు వేడెక్కాయి. అక్క కళ్లు తెరవకుండానే పెదవుల మీద వేలు పెట్టింది.

"బరె బరె, గప్ కూసుంట," అని ఒప్పుకుని ఆమె గడపలోనే చతికిలపడింది.

అప్పుడు ఉన్నట్టుండి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పదేళ్లు అలాంటి కార్ఖానాలోనే పనిచేశాను. మగ్గం మోగుతుంటే నేతపనివాడు కునుకు కూడా తీయగలడు. ఆగితేనే ఉలిక్కిపడతాడు. ఆగిందంటే ఎక్కడో పోగు తెగింది, సేఠ్ కంట పడకముందే లేవాలి. ఆ పని వదిలేసి ఎన్నేళ్లయినా ఒంటికి తెలియదు కదా. ఎగిరి లేచాను. లేని మగ్గం పిడి కోసం కుడిచెయ్యి చాచాను. కాలు వెళ్లి చాటకు తగిలింది. చాప మీద, అక్క చీర మీద, అంతటా తంబాకే.

"మగ్గం నడిపియ్య లేచిన్రా అన్నా?" అని పక్కింటామె నవ్వబోయి నాలుగుసార్లు తుమ్మింది.

అక్క కళ్లు తెరవలేదు. ఒళ్లో పడిన తంబాకును చేత్తో తడిమి చూసుకుంది.

"పోగు తెగలే తమ్మీ. కరెంటు పోయింది. కూసో."

తంబాకులోనే కూర్చున్నాను. మోత పోయాక తెలిసింది, ఇన్నేళ్లూ ఆమె మౌనంగా కూర్చుంటుందనుకున్నది నా పొరపాటని. ఆమె మాట్లాడుతూనే ఉంది. మగ్గాలే వినపడనివ్వలేదు.

"కన్ను ఇస్తె ఇయ్యి తండ్రీ. ఇయ్యకపోతె చెయ్యి వట్టుకొని నడిపియ్యి. మా తమ్మునికి జెర నెమ్మదియ్యి. ఊకె ఉరుకుతడు."

నా గురించి నన్నడగకుండా ఎవరికో అర్జీ పెట్టడం నాకు నచ్చదు. నోరు తెరిచాను కూడా. ఆ నోరు మూసుకోవడానికి పడినంత కష్టం ఏ చర్చలోనూ పడలేదు. ఆమె "ఆమేన్" అనేదాకా కదలకుండా కూర్చున్నాను. నేను ప్రార్థించలేదు. అది ఆమెకూ తెలుసు.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అక్క కన్ను చికిలించి నన్ను చాలాసేపు చూసింది.

"ముసలోనివైనవ్ రా."

"డాక్టర్ చెయ్యి మంచిది," అన్నాను వెంటనే.

"ఆ చెయ్యి ఎవరిచ్చిన్రు?"

"ఇగ మొదలువెట్టకు!"

పక్కింటామె పడీపడీ నవ్వింది. నేను ఆ చెయ్యి వెనుక ఉన్న చదువు గురించి, శాస్త్రం గురించి ఆటోలో ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. అక్క "ఊ" కొట్టింది.

కంట్లో నీళ్లు పడకూడదన్నారు. గదికి చేరగానే ఆమె చేతులకు నేనే నీళ్లు పోశాను. సబ్బు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ ఇచ్చాను. గోడ అవతల మగ్గాలు మోగుతున్నాయి. ఆమె కొంగు తల మీదికి లాక్కుంటుంటే, చాటను తీసి దూరంగా మూలన పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాను.