తెరిచిన అరచేతులు

నిన్న రాజాం బజారులో అత్తరు వాసన తగలగానే ఫాతిమా గుర్తొచ్చింది. ఐదో తరగతిలో నా పక్కనే కూర్చునేది. ఒకరోజు టీచరు, "మీరు నమాజు ఎలాగ సేస్తారో అందరికీ సూపించమ్మా" అన్నారు.

తలమీద చున్నీ కప్పుకుని అంతా చేసి చూపించింది. చివర్లో కళ్లు మూసుకుని రెండు అరచేతులూ తెరిచి పట్టింది. ఏదో పెట్టమంటోందనుకుని, నా జేబులోని బెల్లం జీడి మిఠాయి ఆ చేతుల్లో పెట్టేశాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఫాతిమా ఏడ్చేసింది.

"ఏటే, జీడి నచ్చలేదేటి?"

"మాయమ్మ కోసం అడుగుతన్నానే. ఆస్పత్రిలో ఉన్నాది."

ఆ వారంలోనే వాళ్లమ్మ పోయింది. ఫాతిమాను వాళ్ల నానమ్మ తన ఊరు తీసుకెళ్లిపోయింది.

ఆ ప్రార్థన నావల్లే ఆగిపోయిందని చాలా ఏళ్లు భయపడ్డాను. కాదని ఇప్పుడు తెలుసు. ఫాతిమా కూడా అలాగే అనుకుందేమో, కాదని తనకెవరైనా చెప్పారో లేదో!