గోడల్ని తట్టి చూసే గోల్‌కీపర్

నివాల్దో గురించి రాయడానికి నాకేం అర్హత ఉందని మా ఆయన యోగానంద్ అడుగుతున్నారు. సాకర్‌లో ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకిప్పటికీ తెలీదట. నిజమే, తెలీదు. కానీ నివాల్దో కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు ఎంతవరకు వంగుతాయో, మంచు పడబోయే రోజు ఏ కణుపు ముందుగా సలుపుతుందో నాకు తెలిసినట్టు ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలీదు. నేను ఫిజియోథెరపిస్టుని. పదకొండు వారాలు ఆ చెయ్యి నా చేతుల్లో ఉంది. ఆ అర్హత చాలు.

పైగా నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు? అతని బొమ్మ డెట్రాయిట్ పేపర్లో పడింది ఒకే ఒక్కసారి. అదీ నవ్వుకోవడానికి.

నివాల్దోది బ్రెజిల్. సాంపౌలో నుంచి రైల్లో తొమ్మిది గంటలు లోపలికి పోతే వచ్చే ఊరట. తండ్రి ఆ రైల్వేలోనే పట్టాలు చూసుకునే పని చేసేవాడు. బ్రెజిల్ అనగానే లోకమంతటికీ గోల్స్ కొట్టేవాళ్ళే గుర్తొస్తారు. వాటిని ఆపేవాడు ఒకడుంటాడన్న సంగతి ఆ దేశంలోనే ఎవరికీ పట్టదని నివాల్దో అనేవాడు. చిన్నప్పుడు పొడుగ్గా ఉన్నాడని గోల్‌లో నిలబెట్టారు. ఆ తరవాత ఎవరూ మళ్ళీ బయటికి పిలవలేదు.

వాళ్ళ దేశంలో అసలు గోల్‌కీపర్‌కి ఒకటో నంబరు చొక్కా, అతనికేమైనా అయితే దిగడానికి బెంచీ మీద కూర్చునేవాడికి పన్నెండో నంబరు. పదిహేడో ఏట నివాల్దోకి పన్నెండు ఇచ్చారు. నాలుగు క్లబ్బులు మారాడు, నాలుగింట్లోనూ పన్నెండే. 1977లో, ఇరవయ్యారేళ్ళ వయసులో, అమెరికాలో సాకర్ మొదలైందని విని ఫ్లోరిడా వచ్చాడు. ఇక్కడ ఆ పద్ధతి లేకపోయినా చొక్కాలు పంచేవాడు ఏ నంబరు కావాలని అడిగితే నోటికి అలవాటైన పన్నెండే చెప్పాడట. ఆ క్లబ్బు రెండేళ్ళలో మూతపడింది. ఓక్లహోమా వెళ్ళాడు, అదీ పడింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకోటి, అదీ అంతే. ఆరేళ్ళలో ఆడింది పదకొండు మ్యాచ్‌లు. కానీ బెంచీ మీద కూర్చున్న ప్రతి మ్యాచ్‌లోనూ, ఉన్న తొంభై నిమిషాలూ, చేతులకి గ్లవ్స్ వేసుకునే కూర్చున్నాడు. తీసిన క్షణంలో పిలుస్తారేమోనని. ఈ ముక్క విన్నప్పుడు అతని వేళ్ళు వంచడం ఆపేశాను. నేను త్వరగా కరిగే మనిషిని కాదు, మా హాస్పిటల్లో ఎవర్నడిగినా చెబుతారు.

1983 నవంబర్లో డెట్రాయిట్ దగ్గరి ఒక ఇండోర్ క్లబ్బులో చేరాడు. ఇండోర్ సాకర్ అంటే ఐస్ హాకీ ఆడే చోట మంచు మీద పచ్చ తివాచీ పరిచి ఆడే ఆట. చుట్టూ ఛాతీ ఎత్తున చెక్కగోడ ఉంటుంది. గోల్ కూడా ఆ గోడలోకే కట్టి ఉంటుంది. బయట ఆటలో బంతి గోల్ పక్కకి పోతే పోయినట్టే. ఇక్కడ గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది.

అతని మొదటి మ్యాచ్‌కి మేం వెళ్ళాం. యోగానంద్ కంపెనీలో ఫ్రీ టికెట్లు ఇచ్చారు, అదీ గోల్ పక్కన మూడో వరసలో. ఆ మధ్యాహ్నం మా స్నేహితురాలు సరోజ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. అక్కణ్ణుంచి అటే వచ్చేశాం కాబట్టి నేను ఆవపువ్వు రంగు ధర్మవరం చీరలో ఉన్నాను. లోపల ఉక్కగా ఉంటే కోటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మ్యాచ్ ఇంకో నిమిషంలో అయిపోతుందనగా, స్కోరు సమంగా ఉండగా, అవతలివాళ్ళు కొట్టిన బంతి గోల్‌కి బారెడు దూరంగా పోయింది. పదిహేనేళ్ళ అలవాటు కదా, నివాల్దో బంతి బయటికి పోయిందని కుడి చెయ్యి పైకెత్తి, వెనక్కి తిరిగి మంచినీళ్ళ సీసా అందుకోబోయాడు. బంతి గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. అవతలివాడు తాపీగా గోల్‌లోకి నెట్టాడు. నివాల్దో చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఆరువేలమంది నవ్వారు. ఎవరో చెయ్యెత్తి వెక్కిరించారు. చూస్తూండగా వరసలకి వరసలు చేతులెత్తాయి. నేనూ ఎత్తాను. కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాను. అతను ఒకసారి చుట్టూ జనాన్ని చూసి, బంతి తీసుకుని మధ్యకి విసిరాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో పడింది. కోచ్ అతన్ని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. జనానికి మాత్రం ఆ చెయ్యెత్తే ఆట మరీ ముచ్చటగా అనిపించింది. గోల్‌లో ఎవరున్నా సరే, బంతి పక్కకి పోయిందంటే చాలు, స్టేడియమంతా చెయ్యెత్తి గొల్లుమనేది. అతను గ్లవ్స్ వేసుకుని బెంచీ మీద కూర్చుని ఆ చేతులన్నీ చూసేవాడు.

జనవరిలో ప్రాక్టీసులో చెయ్యి గోడకి కొట్టుకుని రెండు వేళ్ళు విరిగాయి. కట్టు విప్పాక మా హాస్పిటల్‌కి పంపించారు. తలుపు తీసి చూద్దును కదా, ఆ ఫోటోలో మనిషే. అతను గుమ్మంలో ఓ క్షణం ఆగిపోయాడు. తరవాత లోపలికొచ్చి కూర్చున్నాడు.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. అతనిది పోర్చుగీసు ఇంగ్లీషు, నాది గుంటూరు ఇంగ్లీషు. ఇద్దరికీ బ్రహ్మాండంగా అర్థమయ్యేది. వాళ్ళ దేశంలో గౌరవించాల్సిన ఆడవాళ్ళని దోనా అంటారట. నన్నలాగే పిలిచాడు.

“మీరెప్పుడైనా మ్యాచ్‌కి వచ్చారా, దోనా ఆండాళ్?”

“అబ్బే, మాకంత తీరికెక్కడిది!” అన్నాను, అతని వేళ్ళకేసి చూస్తూ.

అతను తల ఊపాడు. నా మొహం మాత్రం వేడెక్కింది.

రెండో వారంలో అసలు సంగతి చెప్పాడు. ఏప్రిల్ ఆఖరికి ఇద్దరు గోల్‌కీపర్లలో ఒకర్నే ఉంచుకుంటామని కోచ్ చెప్పేశాడట. కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది. ముప్ఫై రెండేళ్ళవాణ్ణి, అందులోనూ పేపర్లో నవ్వులపాలైనవాణ్ణి, ఇంకే క్లబ్బు తీసుకుంటుంది?

“ఒక్క సీజన్ చాలు దోనా ఆండాళ్. ఒకటో నంబరు వేసుకుని ఒక్క సీజన్ ఆడాలి. తరవాత బస్సు నడపమన్నా నడుపుకుంటాను.”

“అయితే ముందు వేళ్ళు వంచు. ఏడుపు తరవాత,” అన్నాను. నా వైద్యం అలాగే ఉంటుంది.

మైనపు ముద్దలు పిసకమంటే విసుక్కునేవాడు. ఇలా లాభం లేదని ఇంట్లోంచి క్యారమ్ బోర్డు తెచ్చాను. నేను హాస్టల్ ఛాంపియన్‌ని, అదీ మూడేళ్ళు వరసగా. స్ట్రైకర్ కొట్టడానికి వేళ్ళకి కావలసిన బలమంతా కావాలి. అతను బోర్డు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో కోటు గుండీలతో బల్ల మీద ఫుట్‌బాల్ ఆడేవాళ్ళట.

“కానీ మా బల్లకి గోడలుండవు. గుండీ కింద పడిందంటే అయిపోయినట్టే,” అన్నాడు.

“అదే నీ రోగం,” అన్నాను. “ఇక్కడ ఏదీ కింద పడదు. కొట్టాక అది ఎటు తిరిగొస్తుందో చూడు.”

నెలరోజులు రోజూ ఆడాం. గోడకి కొట్టి తిప్పి కాయిన్ వేయడం నేర్చుకున్నాడు. ఓ శనివారం మా ఇంటికి భోజనానికి పిలిస్తే యోగానంద్ గ్రాఫ్ కాగితాలు పరిచారు. కార్ల కంపెనీ ఇంజినీరు మరి.

“ఇది వెరీ సింపుల్ ఆండాళూ. యాంగిల్ ఒక్కటి కరెక్ట్‌గా కాలిక్యులేట్ చేస్తే బాల్ ఎక్కడికొస్తుందో ముందే తెలిసిపోతుంది.”

“ఏవండీ, బంతి వస్తూంటే అతను పెన్సిల్ తీస్తాడా?”

నివాల్దో ఆ కాగితాల్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని, గోంగూర పచ్చడి మూడోసారి వడ్డించుకున్నాడు.

నా క్యారమ్స్‌తోనే బాగుపడుతున్నాడని అందరికీ చెప్పుకుని తిరిగాను. అది అతనిదాకా వెళ్ళింది. “రేపు పొద్దున ఏడింటికి స్టేడియంకి రండి,” అన్నాడు.

వెళ్ళాను. ఖాళీ స్టేడియం, ఫ్రీజర్‌లో ఉన్నంత చలి. నివాల్దో ఎడమచేతి పిడికిలితో చెక్కగోడని తడుతూ నడుస్తున్నాడు. మనం బజార్లో కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూస్తామే, అలా ఒక్కో చెక్కనీ రెండుసార్లు తట్టి తల వంచి వింటున్నాడు. నవంబర్లో ఆ మ్యాచ్ అయిన మర్నాటి నుంచీ రోజూ ఇదే పనట. ఒక్కరోజు మానలేదు. వేళ్ళు విరిగిన మర్నాడు కూడా కట్టుతోనే వచ్చాడట.

“మీ బోర్డుకి నాలుగు వైపులా ఒకటే చప్పుడు, దోనా ఆండాళ్. దీనికి కాదు. ఇది వినండి.” ఒక చెక్కని తట్టాడు, ఖంగుమంది. “ఇది బంతిని గట్టిగా వెనక్కి పంపిస్తుంది.” గోల్‌కి ఎడమపక్క మూడో చెక్క తట్టాడు, మొద్దుగా చప్పుడైంది. “దీని వెనక బోల్టులు వదులయ్యాయి. బంతి ఇక్కడ తగిలితే చచ్చి గోడ కిందే పడుతుంది. ఈ సంగతి ఎవరికీ తెలీదు.”

“బాగు చేయించమని చెప్పలేదా?”

“ఎందుకు చెబుతాను?” అన్నాడు. మొదటిసారి అతని మొహంలో కొంటెతనం చూశాను. వేరే ఊళ్ళకి ఆడటానికి వెళ్ళినా, ఆడించరని తెలిసి కూడా, అందరికన్నా మూడు గంటలు ముందెళ్ళి అక్కడి గోడలన్నీ తట్టి వచ్చేవాడట. నా హాస్టల్ ఛాంపియన్‌షిప్ గొప్పలన్నీ అక్కడే మింగేశాను.

ఏప్రిల్లో చివరి మ్యాచ్. మొదటి గోల్‌కీపర్‌కి నూట మూడు జ్వరం. కోచ్‌కి వేరే దారి లేక నివాల్దోని దింపాడు. పన్నెండో నంబరు చొక్కా గోల్‌లో కనిపించగానే జనం చేతులెత్తి గోల చేశారు. నేను మళ్ళీ మూడో వరసలోనే, చేతులు రెండూ ఒళ్ళో బిగపట్టుకుని కూర్చున్నాను. ఈ మ్యాచ్ పోతే మనిషి వెళ్ళిపోతాడు.

అయిదు నాలుగుతో మనవాళ్ళు ముందున్నారు. ఇంకో ఇరవై సెకన్లు ఉన్నాయి. అవతలివాళ్ళ పొడుగాటివాడు కొట్టిన బంతి గోల్‌కి ఎడమపక్కగా పోయింది. అలవాటుగా ఆరువేల చేతులు లేచాయి. బంతి తిరిగొస్తుందని ఆ జట్టువాళ్ళు ఇద్దరు గోల్ ఎదురుగా కాచుకుని నిలబడ్డారు. నివాల్దో వాళ్ళకేసి కూడా చూడలేదు. బంతి గోడని తాకకముందే ఆ మూడో చెక్క మొదట్లోకి దూకాడు. మొద్దుగా చప్పుడైంది. బంతి చచ్చి, సరిగ్గా గోడ కిందే, అతని రెండు చేతుల్లో పడింది. ఆ వేళ్ళు పదీ పదేళ్ళుగా ఆ బంతినే పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. వాటిలో రెండు నేను వంచినవి!

హారన్ మోగింది. లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. నవ్వు మాత్రం లేదు. తరవాత పుట్టిన కేకలకి నా చెవులు దిబ్బడేశాయి. నివాల్దో లేచి, బంతిని చంకలో పెట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తాడు. యోగానంద్ గ్రాఫ్ కాగితం సంగతి మర్చిపోయి కుర్చీ ఎక్కి అరుస్తున్నారు. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా.

వేళ్ళు చూడాలన్న వంకతో లోపలికి వెళ్ళాను. ఐసు పెడుతూ ఇక దాచలేకపోయాను.

“నివాల్దో, నీకో అబద్ధం చెప్పాను. ఆ నవంబర్ మ్యాచ్‌కి నేను వచ్చాను. నేనూ నవ్వాను. చెయ్యి కూడా ఎత్తాను.”

“తెలుసు,” అన్నాడు. “మూడో వరస. పసుప్పచ్చ బట్టలు, భుజం మీంచి వేసుకున్నారు. ఆరువేలమందిలో అలాంటివి వేసుకున్నది మీరొక్కరే, దోనా ఆండాళ్. మిమ్మల్ని ఎలా మర్చిపోతాను?”

చీర కట్టుకుని జనంలో కలిసిపోయాననుకున్న బుద్ధిమంతురాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

“మరి ఆ రోజు గుమ్మంలోంచే వెళ్ళిపోలేదేం? వేరే థెరపిస్టులు ఉన్నారుగా?”

“వెళ్ళిపోదామనే అనుకున్నాను. తరవాత, నవ్విన మనిషి కళ్ళముందే బాగుపడాలనిపించింది.”

ఆ వేసవిలో క్లబ్బు అతన్నే ఉంచుకుంది. ఒకటో నంబరు ఇచ్చింది. ఒక్క సీజన్ చాలన్నవాడు నాలుగు ఆడాడు, 1988లో ఆ క్లబ్బు కూడా మూతపడేదాకా. ఏ పెద్ద కప్పూ గెలవలేదు. బ్రెజిల్‌లో అతని పేరు ఎవరికీ తెలీదు. నాకు మాత్రం అతన్ని మించిన గోల్‌కీపర్ లేడు, ఎవరైనా కాదంటే వాదనకి సిద్ధం.

ఒకటో నంబరుతో మొదటి మ్యాచ్ అక్టోబర్లో జరిగింది. పెట్టె అడుగునుంచి ఆ ఆవపువ్వు రంగు ధర్మవరమే తీసి కట్టుకున్నాను. “చలికాలంలో ఆ చీరేంటి ఆండాళూ?” అన్నారు యోగానంద్. ఆట మొదలయ్యేముందు నివాల్దో అలవాటుగా గోడ తట్టుకుంటూ మా వైపు వచ్చాడు. మా ఎదురుగా ఉన్న చెక్క దగ్గర ఆగి మూడో వరసకేసి చూశాడు. నేను లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఎంత పైకి పోతుందో అంత పైకి చెయ్యెత్తాను.