వేడిగా ఉందా అని ఎవరిని అడగాలి

1994 వర్షాకాలంలో నన్ను పళ్ళ గది నుంచి పాదాల గదికి మార్చారు. భిలాయి పవర్ హౌస్ మార్కెట్ వెనక వీధిలో, మేడ మీద నడిచే చిన్న క్లినిక్ అది. నేను డెంటల్ మెకానిక్ డిప్లొమా చేసినవాణ్ణి. కట్టుడు పళ్ళు తయారుచేయడం నా పని. పళ్ళ డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోవడంతో నేనూ, నా మైక్రోమోటరూ పని లేకుండా మిగిలాం. మైక్రోమోటర్ అంటే పెన్నులా పట్టుకునే చిన్న కరెంటు డ్రిల్లు. దాని మొనకి బర్ అనే అరగదీసే ముక్క బిగిస్తాం. ఇప్పుడు బ్యూటీ పార్లర్లలో గోళ్ళకి వాడేది దాదాపు ఇదే.

మా డాక్టరమ్మ షుగరు రోగుల పాదాలు చూసేవారు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఏళ్ళ తరబడి సేఫ్టీ బూట్లు తొడిగి రిటైరైనవాళ్ళకి బొటనవేలి గోళ్ళు కొమ్ముల్లా దళసరెక్కేవి, కత్తెరకి లొంగేవి కావు. రేపట్నుంచి వాటిని నీ మిషనుతో పల్చన చెయ్యమన్నారు. అంతే ఉత్తర్వు.

వారం రోజులు నా గోళ్ళ మీదే సాధన చేసి నోటు పుస్తకంలో ఆరు నియమాలు రాసుకున్నాను. వేగం మీట మొదటి గీత దగ్గరే ఉంచాలి. బర్‌ను గోటి మీద పడుకోబెట్టినట్టు పట్టుకోవాలి, మొనతో పొడవకూడదు. నొక్కకూడదు. ఒకే చోట నిలపకూడదు, ఎందుకంటే రాపిడికి క్షణాల్లో వేడి పుడుతుంది. గోటి పొడి ముక్కులోకీ కళ్ళలోకీ పోకుండా మాస్కు, కళ్ళజోడు ఉండాలి. ఆరోది, నాలుగుసార్లు అరగదీసినప్పుడల్లా ఆగి వేడిగా ఉందా అని రోగిని అడగాలి. ఆ పేజీ చూసుకుని తృప్తి పడ్డాను.

రెండో వారంలో సింహాచలం గారు వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, ఊళ్ళోనే మరోదా బస్తీలో కాపురం. ప్లాంటులో బొగ్గు మాడ్చే కోక్ ఓవెన్ల పైకప్పు మీద, అడుగున చెక్క ఉన్న చెప్పులతో ఇరవయ్యేళ్ళు డ్యూటీ చేశాడు. ఆ ఓవెన్ల వరసని వాళ్ళు బ్యాటరీ అంటారు. ఏడాది క్రితమే ఎడమ కాలికి రెండు వేళ్ళు తీసేశారు. కుడి బొటనవేలి గోరు పక్క చర్మంలోకి దిగుతోంది. ఈ కాలికి పుండు పడితే దీన్నీ పోగొట్టుకుంటాడని డాక్టరమ్మ నాతో చెప్పారు. భార్య పైడితల్లి పక్కనే స్టూలు మీద కూర్చుంది.

మొదలుపెట్టాను. నాలుగుసార్లు అరగదీశాక ఆపి, "వేడిగా ఉందా బాబాయ్?" అన్నాను.

"ఏటి వేడి బాబూ? బ్యాటరీ మీద నిలబడ్డోణ్ణి. నీ పెన్నుకి నాకేటవుద్ది? చలో, కానీ."

"ఈయన్ని అడక్కు బాబూ. నిప్పుల మీద నించోబెట్టినా చల్లగుందంతాడు," అంది పైడితల్లి.

ముగ్గురం నవ్వాం. గోరు మొండిగా ఉంది. మీట రెండో గీతకి తిప్పాను. మళ్ళీ అడిగాను, మళ్ళీ లేదన్నాడు. కట్టుడు పళ్ళకి వాడే ప్లాస్టిక్ మీద నొక్కి పనిచేసిన చెయ్యి నాది. తెలియకుండానే నొక్కాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అరగదీస్తే వాసన రావడం నాకు మామూలే కాబట్టి ఆపలేదు.

"బాబూ, ఆపు. వేలు ఎర్రగైపోనాది," అంది పైడితల్లి. ఆయన మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాటికి గోటి అంచున నీటి పొక్కు లేస్తే పైడితల్లి ఆయన్ని మళ్ళీ క్లినిక్కి తీసుకొచ్చింది. డాక్టరమ్మ నన్ను పిలిచి, వేడి సంగతి ఎవర్ని అడిగి పని చేశావన్నారు. రోగినే అన్నాను. ఆవిడ సింహాచలం గారిని కళ్ళు మూసుకోమని, దూదితో ఆ వేలు తాకి, ఎక్కడ తాకానో చెప్పమన్నారు. దూది వేలి మీదే ఉంది, ఆయన మాత్రం ఇంకా మొదలుపెట్టలేదా అన్నాడు. తరవాత ఆయన కేసు కార్డు రెండో పేజీ నా ముందు పెట్టారు. "రెండు పాదాలకీ స్పర్శ లేదు" అని ఆవిడ చేతిరాతలోనే ఉంది. నేను మొదటి పేజీ మాత్రమే చదివాను.

నన్ను కేకలెయ్యలేదు. డ్రెస్సింగు నువ్వే చెయ్యాలన్నారు. రోజూ పొద్దున్నే, డ్యూటీకి ముందు, వానలో సైకిలు మీద మరోదా వెళ్ళేవాణ్ణి. పొక్కు చితికి పుండైంది. కడగడం, మందు పెట్టడం, కట్టు కట్టడం, అంచులు నల్లబడ్డాయేమో చూడడం. రోజూ అదే భయం. మూడోవారంలో ఒకరోజు చీము కనిపించింది. ఆ రోజు పైడితల్లి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. గుమ్మం దగ్గర మాత్రం, "ఈ వేలు కూడా తీసేత్తే మనిషిని నానే మొయ్యాలి, నువ్వు కాదు," అంది. పాత కట్టు గుడ్డలు సంచిలో వేసుకుని సైకిలెక్కాను.

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. వేలు దక్కింది. గోరు మళ్ళీ దళసరెక్కింది, ఆయన మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

ఈసారి కార్డు ఆఖరి పేజీ దాకా చదివాను. మీట మొదటి గీత దాటలేదు. ఎడమ చేతి చూపుడువేలు ఆయన గోటి మీద, బర్ పక్కనే ఆనించి ఉంచాను. పల్చటి గ్లవ్‌లోంచి కూడా వేడి తెలుస్తుంది. నా వేలికి వెచ్చగా తగిలిన ప్రతిసారీ ఆపి, తడిగుడ్డతో తుడిచి, చల్లబడ్డాక మొదలుపెట్టాను. పదిహేను నిమిషాల పని గంట పట్టింది.

"నా కాలి డ్యూటీ నీ వేలు చేత్తందన్నమాట," అన్నాడు సింహాచలం గారు. పైడితల్లి నవ్వలేదు. నా వేలినే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం నోటు పుస్తకంలో ఆరో నియమం కొట్టేశాను. తరవాత రిటైరయ్యేదాకా నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ దాని స్థానంలో రెండు మాటలు రాయించాను. కార్డు మొత్తం చదువు. నీ వేలు అక్కడ ఉంచు. మిగిలిన ఐదూ మిషను గురించి. అవి ఎవరైనా వారంలో నేర్చుకుంటారు.