నిమ్మకాయ పిండని ఐస్‌ఫ్రూట్

బెజవాడ వన్ టౌన్‌లో చెరుకురసం బండి చక్రానికి కట్టిన మువ్వలు మోగితే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. మొన్న మధ్యాహ్నమూ ఆగాను. గడ నలిగిన పచ్చివాసన, పక్కనే కోసిపెట్టిన నిమ్మకాయల వాసన. బండివాడు నిమ్మచెక్క అందుకోగానే, "వద్దబ్బాయ్, ఉత్తదే ఇవ్వు. కాసేపు అలా పక్కన పెట్టు" అన్నాను. "నల్లబడిపోద్దండీ!" అన్నాడు. "పడనీ" అన్నాను. నేను కోతలరాయుణ్ణని మా చుట్టాలందరూ ఎరుగుదురు. వరదలో మొసలినెక్కి కృష్ణ దాటానని సగం బెజవాడని నమ్మించినవాణ్ణి. ఈ రసం సంగతిలో మాత్రం కోత లేదు.

డెబ్బైలలో, డిగ్రీ తప్పి టీకొట్టు దగ్గర ఆ మొసలి కథే చెబుతుంటే, వెనక బల్ల మీది పెద్దాయన "మొసలికి జీను వేశావా అబ్బాయ్?" అని అడిగాడు. "వేశానండి. ఎర్రది" అన్నాను. ఆయన నవ్వలేదు. "రేపట్నుంచి నా దగ్గరికి రా. మొసళ్ళ గురించి నీ ఇష్టం. సరుకు గురించి మాత్రం ఉన్నదే చెప్పాలి" అన్నాడు. అలా నాకు సాల్మన్ రాజు గారు దొరికారు. ఉయ్యూరు వైపు పంచదార ఫ్యాక్టరీలో రసం మరగబెట్టి రిటైరైన మనిషి. తోటివాళ్ళు పడక్కుర్చీలో బైబిలు పెట్టుకుని కూర్చునే వయసులో ఆయన వ్యాపారంలో దిగారు. మొదట చెరుకురసం సీసాల్లో పోసి బిగించారు. అది పులిసి, ఎండకి సీసాలు ఒకదాని తరవాత ఒకటి పేలుతుంటే, పక్క గోడౌను షావుకారు యుద్ధం వచ్చిందనుకుని లుంగీతోనే స్టేషను దాకా పరిగెత్తాడు. తరవాత చెరుకుపిప్పి ముద్ద చేసి, కొండపల్లి బొమ్మల్లా ఏనుగులు చేశారు. చీమలు ముందు తొండాలు తిన్నాయి, ఆ తరవాత ఏనుగుల్ని తిన్నాయి.

ఇవన్నీ చెప్పి నవ్వించడం నాకు తేలిక. నవ్వు రాని సంగతి ఇంట్లో ఉండేది. ఆయన భార్య మార్తమ్మ గారికి గొంతులో పుండు. పెద్దాసుపత్రిలో ఆ కేన్సరుకి కరెంటు పెట్టించుకొచ్చాక నోరంతా పచ్చిపుండైపోయింది. చల్లటిదైతే తప్ప ఏదీ దిగేది కాదు. ఆయన ఐసు ఫ్యాక్టరీలో ఓ మూల అద్దెకి తీసుకుని, చెరుకురసాన్ని పుల్లకి గడ్డకట్టించి ఆవిడకి తెచ్చేవారు. వ్యాపారం ఆలోచన అక్కడే పుట్టింది. "రిటైరైన కాడ్నుంచీ ఈసారి అవుద్ది, ఈసారి అవుద్ది అని చెబుతానే ఉన్నానయ్యా. ఒక్కటన్నా అవటం దాని కళ్ళతో చూసి పోవాలి" అన్నారొకసారి, తలుపవతల ఆవిడకి వినబడకుండా. డాక్టరు ఎక్కువ రోజులు ఇవ్వలేదని అప్పుడే తెలిసింది నాకు.

చెరుకురసంతో చిక్కల్లా అది గడ్డకట్టేలోపే నల్లబడటం. రసం తేరుకోవాలంటే సున్నపుతేట వెయ్యాలన్నది ఆయన ఫ్యాక్టరీ చదువు. అదే వేశారు. సాయంత్రానికి పిల్లలందరూ నాలుకలు బయటపెట్టుకుని ఏడుపు. పంజా సెంటరు దగ్గర ఓ తల్లి నా సైకిలు హ్యాండిలు పట్టుకుంది. "ఐస్‌ఫ్రూట్ అమ్ముతున్నావా, వెల్ల వేస్తున్నావా? పక్కన తమలపాకు కూడా ఇవ్వకపోయావా!"

ఈ మాట ఇంట్లో చెబితే మార్తమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, నొప్పితోనే నవ్వారు. నవ్వి, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అడిగారు.

"అరటికాయ తరిగి నేను దేంట్లో వేస్తానండీ?"

"మజ్జిగలో."

"ఎందుకూ?"

"నల్లబడకుండా..." అని ఆయన అక్కడే ఆగిపోయారు.

"పులుపండీ కావలసింది. ఇన్నేళ్ళు నా వంటింట్లో కాఫీ తాగారు గానీ, ఏనాడన్నా ఇటు చూస్తేగా!"

మర్నాడు రసంలో నిమ్మకాయ పడింది. లేత ఆకుపచ్చ ఐస్‌ఫ్రూట్ బయటికొచ్చింది. మా ఐస్‌ఫ్రూట్ ముక్క తిన్న కోడి చల్లటి గుడ్డు పెట్టిందని నేను గుడివాడ దాకా ప్రచారం చేశాను గానీ, కోడి అవసరమే లేకపోయింది. ఆ వేసవి జనం ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే నిలబడి కొనుక్కున్నారు. ఆయన మొట్టమొదటి పచ్చ ఐస్‌ఫ్రూట్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడ నోటికందించారు. ఆవిడ కెవ్వుమన్నారు. పచ్చిపుండు మీద నిమ్మరసం.

గెలిచిన సరుకు ఆవిడ నోటికి పనికిరాలేదు. నిమ్మ లేకుండా రసం కాచి చేస్తే ఆ బెల్లం వాసనకి ఆవిడకి వాంతి. అందుకని రోజూ అన్ని అచ్చుల్లోనూ నిమ్మకాయ పిండి, ఒక్కదాన్ని మాత్రం వదిలేసేవారు. అది నల్లగా తేలేది. అది ఆవిడది. "ఎలా ఉంది మార్తా?" అనడిగితే, "తియ్యగా ఉందండీ" అనేవారు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. వీధిలో మా ఐస్‌ఫ్రూట్ డబ్బాల మూతల చప్పుడు వింటూ, మంచి అమ్మకాల మధ్యలోనే ఆవిడ వెళ్ళిపోయారు. పట్టుదలకి ఫలం దక్కదని నేననను, దక్కడం చూశాను. ఎవరి కోసం పట్టుబట్టామో వాళ్ళ నోటికి అందుతుందన్న పూచీ మాత్రం నాకెక్కడా కనబడలేదు.

సమాధి పనులన్నీ అయి మళ్ళీ అచ్చులు తీసిన రోజున, పచ్చవాటి మధ్య ఒక నల్లది ఉంది.

"ఇదెవరికండీ?" అన్నాను.

"చెయ్యి ఆగలేదయ్యా. పారెయ్యలేను. నువ్వు తిను."

తిన్నాను. తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టు, తీపి వెనక మురుగు రుచి. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు.

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉందండి." సరుకు గురించి నేనాడిన అబద్ధం అదొక్కటే.

ఆయన ఖాళీ అచ్చుని ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించారు. "మార్తా అంతే అనేది. దానికిచ్చే ముందు రోజూ నేనో కొస కొరికి చూసేవాణ్ణయ్యా" అన్నారు.

ఆయన పోయే వరకూ ఆ ఒక్క అచ్చులో నిమ్మకాయ పడలేదు. తినే పని నాది.

బండి మీద నా గ్లాసు నల్లబడింది. ఎత్తి, చివరి చుక్క దాకా తాగాను.

"ఎలా ఉందండీ?" అన్నాడు బండివాడు.

"తియ్యగా ఉంది."

వాడు గ్లాసు కడుగుతూ నవ్వాడు. "మీ మొహం చూస్తే అలా లేదండీ."