గోడ మీద వదిలిన ఖాళీలు

మా ఆచార్యుడి పుస్తకం ముందుమాటలో నా గురించి ఉన్నది ఒక్క ముక్క. "వివరాల సేకరణలో ఒక విద్యార్థిని సాయపడింది." సాయపడిందట! రెండు వేసవులు బొల్లాపల్లి పక్క మెట్ట ఊళ్ళో ఎండకు మాడి, ఇల్లిల్లూ తిరిగి, కాళ్ళు పగలగొట్టుకున్నది నేను.

కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. నేను నరసరావుపేట బడిపంతులు కూతురిని, అప్పుడే ఎమ్మే అయింది. వానలు మారుతుంటే పల్లెల్లో మనుషుల బతుకు ఎట్లా మారుతుందో పరిశోధన చేస్తానంటే అందరూ నవ్వారు. ఆయనొక్కడే నవ్వలేదు. "కొత్తవాళ్ళను మేం నిలబెట్టకపోతే ఎవరు నిలబెడతారమ్మా?" అని స్కాలర్‌షిప్పు ఇప్పించాడు. మా నాన్న రోజూ ప్రార్థనలో ఆయన్ని కూడా తలుచుకునేవాడు.

ఆ ఊళ్ళో నేను దిగింది ఒక ముసలామె ఇంట్లో. మొగుడు పోయాక సేద్యమంతా ఆమే చేయించేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వాన వెలిసిందంటే చాలు, గునపం పట్టుకుని చేలోకి పోయి తవ్వి చూసేది. జానెడు లోతు తడిస్తేనే ఆమె లెక్కలో అది వాన. ఇంటికొచ్చి వేలు సున్నంలో ముంచి గోడ మీద చుక్క పెట్టేది. కార్తెకొక వరస, ఏడాదికొక ఎర్రమన్ను గీత. కాపురానికొచ్చిన ఏడు నుంచీ ఉన్నాయి. పండక్కి ఇల్లంతా అలికినా ఆ గోడ జోలికి పోయేది కాదు.

కొత్త గీతల మధ్య చుక్కలు తక్కువ, ఖాళీలు ఎక్కువ.

"ఎండిపోయిన కార్తెకి ఏదో ఒక గుర్తు పెట్టొచ్చు కదా పెద్దమ్మా?"

"ఏందే నీ తెలివి! ఎండను ఎవరన్నా రాస్తారా? రాస్తే ఇంట్లోనే నిలబడిపోద్ది. చోటొదిలితే చాలు."

ఊరి చివర కాలవ కోసం సర్వే రాళ్ళు పాతి ఉండేవి. "మా మెట్టకి నీళ్ళెక్కుతాయా అమ్మాయ్?" అని రోజూ అడిగేది. ఈ గోడను పై అధికారులు చూస్తే తప్పకుండా ఎక్కుతాయని మాటిచ్చాను. ఎవరిమ్మన్నారో నన్ను!

చుక్కలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. ఖాళీల గురించి విడిగా ఒక అధ్యాయం రాశాను. ఏటేటా వానలు తగ్గిపోతున్న అసలు సంగతంతా అందులోనే ఉంది. ఆచార్యుడు చదివి బాగుందన్నాడు, పుస్తకం చివర అనుబంధంగా వేస్తానన్నాడు. నమ్మాను.

పుస్తకం వచ్చింది. చుక్కలున్నాయి, అనుబంధం లేదు. ఆ ప్రాంతంలో వానలు నిలకడగానే ఉన్నాయనీ, పైమెట్టకు కాలవ తొందరేమీ లేదనీ తేల్చాడు. అప్పటికే ఆయన కాలవల కమిటీలో సభ్యుడు.

వెళ్ళి అడిగాను. "ఖాళీకి ఆధారమేముందమ్మా? నీ మంచికే చెబుతున్నా, వదిలెయ్" అన్నాడు చల్లగా. బల్ల మీద నా మూడో ఏడాది స్కాలర్‌షిప్పు కాగితం ఉంది. దాని మీద ఆయన సంతకం పడాలి. నోరు మూసుకుని బయటికొచ్చాను. సంతకం పడింది.

పెద్దమ్మ ఊరికి వెళ్ళేసరికి సర్వే రాళ్ళు పీకేశారు. పుస్తకంలో ఏముందో చదవమంది పెద్దమ్మ. తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చివరిదాకా వింది.

"మరి ఖాళీలేయి?"

"తీసేశాడు పెద్దమ్మా. అన్నీ రాసిచ్చాను, ఆయనే తీసేశాడు."

"తీసేసినాక నువ్వేం జేశావే?"

ఆయన చేసిన మోసం చెప్పుకుని ఏడుద్దామని వచ్చినదాన్ని. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పేడా ఎర్రమన్నూ కలిపి ముంత నా చేతికిచ్చింది. "పట్టుకో" అంది. కాపురానికొచ్చిన ఏటి గీత దగ్గర మొదలుపెట్టి గోడంతా అలుక్కుంటూ వచ్చింది. నిరుటి గీత దగ్గరికి రాగానే నడుం పట్టుకుని కింద కూలబడింది.

"చానా నొప్పిగా ఉందే. మిగిలింది నువ్వు అలుకు."

మిగిలిన చోట ఒక్క చుక్కే ఉంది. తక్కినదంతా ఖాళీ. ముంతలో చెయ్యి పెట్టి దాన్ని నేనే అలికేశాను.